పిచ్చాపాటి పాడ్‌కాస్ట్: ముగ్గురు స్నేహితులు, ఒక గది, వినేవాళ్లకి నాలుగో కుర్చీ

టీ కొట్టు దగ్గర ముగ్గురు స్నేహితులు సినిమా గురించో, పెళ్లి భోజనం గురించో గంటసేపు మాట్లాడుకుంటే ఎవరికీ విసుగు రాదు. అదే గంటను ఫోన్‌లో రికార్డు చేసి నాలుగో మనిషికి వినిపిస్తే ఐదో నిమిషంలో ఆపేస్తాడు. కబుర్లలో లోపమేమీ లేదు. కన్నుగీటడం, చెయ్యి తిప్పడం, "అదేరా, ఆ రోజు" అనగానే అందరికీ గుర్తొచ్చే విషయం, ఇవేవీ మైకులోకి ఎక్కవు. అందుకని గదిలో ఒక కుర్చీ ఖాళీగా వేయండి. వినేవాడు అందులో కూర్చుని ఉన్నాడనుకోండి. ఇలాంటి కబుర్లను పాడ్‌కాస్టుగా, అంటే ఎప్పుడంటే అప్పుడు ఫోన్‌లో వినే ఆడియో కార్యక్రమంగా చేయడానికే ఈ మార్గదర్శి. ఇందులో మైకు దూరం నుంచి ఎడిటింగ్ కత్తెర దాకా ప్రతి నిర్ణయం ఆ కుర్చీని చూసి తీసుకున్నదే.

1. మనుషులు, పాత్రలు

ఇద్దరైతే వాదన నడుస్తుంది, ముగ్గురైతే సరదా వస్తుంది. నలుగురు దాటితే ఎవరు మాట్లాడుతున్నారో వినేవాడికి తెలియదు. ముగ్గురితో మొదలుపెట్టమనే మా సలహా. గొంతులు ఒకేలా ఉన్నవాళ్లు ఇద్దరుంటే వాళ్లలో ఒకరిని మైకుకు కాస్త దగ్గరగా కూర్చోబెట్టండి, గొంతు బరువుగా వినిపించి తేడా తెలుస్తుంది.

ముగ్గురిలో ఒకరు సూత్రధారి. ఎక్కువ మాట్లాడేవాడికి ఈ పని ఇవ్వకండి. గడియారం చూడటం, దారి తప్పితే వెనక్కి లాగడం, "వినేవాళ్లకి అర్థమయ్యేలా చెప్పు" అనడం, ఇవీ సూత్రధారి పనులు. రెండు చేతి సైగలు ముందే అనుకోండి: వేలు గుండ్రంగా తిప్పితే "ముగించు", అరచేయి చూపిస్తే "ఆగు, వాడిని పూర్తి చేయనివ్వు".

పిలుపుల దగ్గర ఒక చిక్కుంది. స్నేహితులు పేర్లతో పిలుచుకోరు. ఒరేయ్, మామా, బావా, ఏమే అనుకుంటారు. అవి తీసేసి "గారు" తగిలిస్తే మాట చచ్చిపోతుంది. ఉంచండి, కానీ మొదటి పది నిమిషాల్లో ఒక్కొక్కరి పేరు కనీసం మూడుసార్లు వినబడేలా చూడండి. "ఒరేయ్" అంటే ఎవరో వినేవాడికి తెలియదు, "ఒరేయ్ శీనూ" అంటే తెలుస్తుంది.

యాస మార్చకండి. కబుర్లు చెప్పుకునేవాళ్లు మైకు ఆన్ అవగానే టీవీ యాంకర్ తెలుగులోకి దిగడం కొత్తవాళ్లంతా చేసే తప్పు. శ్రీకాకుళం శ్రీకాకుళంలాగే, వరంగల్ వరంగల్‌లాగే వినబడాలి. ఒకరు ఆనపకాయ అంటే ఇంకొకరు "మేం సొరకాయ అంటాం" అని కలిపితే చాలు. అర్థం చెప్పినట్టూ ఉంటుంది, కబురూ నడుస్తుంది.

2. విషయం: చిన్నది, చేతికి తగిలేది

"తెలుగు సినిమా ఎటు పోతోంది" అనే విషయం మీద ఎవరైనా ఏమైనా అనొచ్చు, ఎవరూ గుర్తుపెట్టుకోరు. "ఇంటర్వెల్‌లో బయటికి వెళ్లకుండా కూర్చునేవాళ్లు ఎలాంటివాళ్లు" అంటే ప్రతివాడి దగ్గరా ఒక కథ ఉంటుంది. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ టికెట్ల నుంచి మల్టీప్లెక్స్ పాప్‌కార్న్ దాకా ఆ ఒక్క ప్రశ్నలోంచే లాగొచ్చు. విషయం సరిపోతుందో లేదో తేల్చడానికి ఒక పరీక్ష: అందులో ఒక వస్తువో, ఒక చోటో, ఒక అలవాటో ఉందా? లేకపోతే ఇంకా కోయండి.

ఉదాహరణకి పెళ్లి భోజనం తీసుకుందాం. కాగితం మీద ఐదు ప్రశ్నలు రాసుకుంటే 40 నిమిషాల ఎపిసోడ్‌కి సరిపోతుంది:

- బంతి భోజనంలో మీరు తింటుండగా కుర్చీ వెనక చెయ్యి వేసి నిలబడేవాళ్లని ఏం చేయాలి?
- ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందులోంచి వడ్డించే మనిషి ప్రతి ఊళ్లోనూ ఎందుకుంటాడు?
- బఫేలో ఒక చేతిలో ప్లేటు, ఇంకో చేతిలో ఫోను ఉంటే నీళ్ల గ్లాసు ఎక్కడ పెట్టాలి?
- ఈనాటి పెళ్లిలో ఏ వంటకం కేవలం ఫొటో కోసం పెడుతున్నారు?
- మీ ఇంటి పెళ్లయితే బంతా, బఫేనా? ఎవరు ఒప్పుకోరు?

చివరి ప్రశ్న చూడండి. అది అభిప్రాయం అడగడం లేదు, ఇంట్లో జరిగే గొడవను బయటికి లాగుతోంది. ప్రతి పేజీలోనూ అలాంటిది ఒకటుండాలి. ప్రశ్నలు ముగ్గురి దగ్గరా ఉండాలి, జవాబులు మాత్రం ముందే చెప్పుకోకండి. ఒకసారి నవ్వేసిన జోకు మైకు ముందు రెండోసారి నవ్వించదు. రికార్డింగుకి ముందు టీ తాగుతూ ఆ విషయం ఎత్తడమే నిషేధించండి.

3. గది: డబ్బు ఖర్చుకాని భాగం, అందరూ వదిలేసే భాగం

మన ఫ్లాట్లలో నేలకు టైల్స్, గోడలకు నున్నటి పుట్టీ, హాల్లో సామాను తక్కువ. నడి గదిలో నిలబడి ఒక చప్పట్టు కొట్టండి. చివర సన్నగా "ట్రింగ్" అని మోగితే ఎంత ఖరీదైన మైకు పెట్టినా గొంతు బావిలోంచి వచ్చినట్టే ఉంటుంది. పరుపు, బట్టలున్న పడకగది హాలు కంటే నయం. బీరువా తలుపులు తెరిచి పెట్టండి, చీరలు ప్రతిధ్వనిని మింగుతాయి. మాట్లాడేవాళ్ల వీపు వెనక గోడకి బొంతో, మందపాటి దుప్పటో వేలాడదీయండి. కింద జంబుఖానా, బల్ల మీద తువ్వాలు. తువ్వాలు లేకపోతే స్టీలు గ్లాసు పెట్టిన ప్రతిసారీ చప్పుడు స్టాండు గుండా మైకులోకి ఎక్కుతుంది.

ఫ్యాన్ ఆపాలి, వేరే దారి లేదు. విజయవాడ మే నెలలో ఇది శిక్షే. కాబట్టి 20 నిమిషాలు రికార్డు, 5 నిమిషాలు ఫ్యాన్, ఇలా విడగొట్టండి. తెల్లవారుజామునో, రాత్రి 10 దాటాకో అయితే కుక్కర్ విజిళ్లు, కూరగాయల బండి, హారన్లు తగ్గుతాయి. ఫ్రిజ్ పక్క గదిలోదైనా వినబడుతుంది. దాన్ని ఆపితే మీ బండి తాళంచెవి ఫ్రిజ్‌లో పెట్టండి, ఇంటికి వెళ్లేటప్పుడు మళ్లీ ఆన్ చేయడం గుర్తుంటుంది.

జంతికలు, మిక్చరు రికార్డింగ్ అయ్యాకే.

4. మైకులు: మూడు మెట్లు

మొదటి మెట్టు, ఖర్చు లేనిది: ఎవరి ఫోన్ వాళ్ల ముందు. ఫ్లైట్ మోడ్ తప్పనిసరి. ఫోన్ అడుగు అంచున ఉండే మైకు రంధ్రం నోటివైపు తిప్పి జానెడు దూరంలో పుస్తకాల మీద ఆనించండి. ఐఫోన్ వాయిస్ మెమోస్‌లో అయితే సెట్టింగ్స్‌లో ఆడియో క్వాలిటీని లాస్‌లెస్‌గా (గొంతుని పిండకుండా దాచేది) మార్చండి. ఆండ్రాయిడ్‌లో డబ్ల్యూఏవీ (ఇదీ గొంతుని పిండదు) ఫైలు ఇచ్చే రికార్డర్ యాప్ వాడండి. ముగ్గురి మధ్య ఒకే ఫోన్ పెట్టడం మాత్రం వద్దు. ఎవరి గొంతు పెంచాలన్నా మిగతా ఇద్దరిదీ, గది మోతా కలిసి పెరుగుతాయి.

రెండో మెట్టు, కాలరు మైకులు. బోయా బీవై-ఎం1 లాంటి తీగ మైకు చాలామంది దగ్గర ఉంటుంది. దాని డబ్బీ మీద ఒక స్విచ్ ఉంటుంది: ఒకవైపు స్మార్ట్‌ఫోన్, ఒకవైపు కెమెరా. ఫోన్‌కి పెట్టి స్విచ్ కెమెరా వైపు వదిలేసి, గంట తర్వాత ఖాళీ ఫైలు చూసుకున్నవాళ్లు లెక్కలేనంతమంది. 3.5 మిల్లీమీటర్ల జాక్ లేని ఫోన్‌కి టైప్-సీ అడాప్టర్ కావాలి. మైకును గడ్డం కింద బెత్తెడు నుంచి జానెడు దూరంలో బిగించండి. కాటన్ చొక్కా ఫరవాలేదు, పట్టు, సింథటిక్ బట్ట గరగరలాడుతుంది. గొలుసులు, మంగళసూత్రం, చున్నీ తగలకుండా చూసుకోవాలి.

మూడో మెట్టు, డైనమిక్ మైకులు (దగ్గరి గొంతునే బాగా పట్టే గట్టి మైకులు), వాటికో ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుల్ని లాప్‌టాప్‌కి కలిపే పెట్టె). 1966లో వచ్చిన షూర్ ఎస్‌ఎం58 ఇప్పటికీ సభల్లో, కచేరీల్లో కనబడుతూనే ఉంటుంది. కింద పడినా పనిచేస్తుంది, సెకండ్ హ్యాండ్‌లోనూ నమ్మకంగా కొనొచ్చు. శామ్సన్ క్యూ2యూ లాంటి వాటికి యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్ (స్టూడియో పరికరాల మూడు పిన్నుల తీగ) రెండూ ఉంటాయి కాబట్టి ముందు లాప్‌టాప్‌కి, తర్వాత ఇంటర్‌ఫేస్‌కి వాడుకోవచ్చు. ముగ్గురికి ఇంటర్‌ఫేస్ కొనేటప్పుడు మైకు ఇన్‌పుట్లు లెక్కపెట్టండి. బాగా అమ్ముడయ్యే చిన్న పెట్టెల్లో చాలావాటికి రెండే ఉంటాయి. జూమ్ పాడ్‌ట్రాక్ పీ4 లాంటి రికార్డర్లకి నాలుగు మైకులు, నాలుగు హెడ్‌ఫోన్లు పెట్టుకోవచ్చు, లాప్‌టాప్ అక్కర్లేదు.

రెండు యూఎస్‌బీ మైకులు ఒకే లాప్‌టాప్‌కి గుచ్చితే సరిపోతుందని కొని మోసపోకండి. రికార్డింగుకీ, ఎడిటింగుకీ చాలామంది వాడే సాఫ్ట్‌వేరు ఆడాసిటీ ఒకసారికి ఒకే పరికరం నుంచి రికార్డు చేస్తుంది.

సన్న శబ్దాల్నీ పట్టే కండెన్సర్ మైకు కొనమని వీడియోల్లో ఊదరగొడతారు. మంచి స్టూడియో గదిలో అది అద్భుతమే. ఇంట్లో జనం దాన్ని మూరెడు దూరంలో పెట్టి మాట్లాడతారు, అక్కడుంది అసలు చిక్కు. అంత దూరం నుంచి మీ గొంతుతో పాటు కింది వీధి కూడా వస్తుంది. పైగా చాలా కండెన్సర్లకి పక్క నుంచి మాట్లాడాలి, నెత్తి మీద కాదు. లోగో ఉన్న ముఖం మీవైపు ఉందో లేదో చూసుకోండి.

5. కూర్చోవడం, లెవెల్స్

ముగ్గురూ త్రికోణంలో, ఒకరికొకరు కనీసం మీటరు దూరంలో కూర్చోవాలి. కార్డియాయిడ్ మైకు, అంటే ముందువైపు శబ్దాన్నే బాగా పట్టేది, వీపు వైపు పెద్దగా వినదు. ఆ వీపు ఎదుటివాళ్లవైపు ఉండేలా పెడితే ఒకరి మాట ఇంకొకరి మైకులో పడటం తగ్గుతుంది. పాత సూత్రం ఒకటుంది: నోటికీ మైకుకీ ఎంత దూరమో, మైకుకీ మైకుకీ దానికి కనీసం మూడు రెట్లు ఉండాలి.

డైనమిక్ మైకు నోటికి బెత్తెడు దూరంలో, సూటిగా కాకుండా పెదవి మూలవైపు కాస్త వంచి పెట్టండి. ప, ఫ, బ, భ పలికినప్పుడు నోట్లోంచి గాలి దూకుతుంది. "పాపం, భలే పప్పు పెట్టారు, ఫలానా బాబాయి" అని ఒకసారి చెప్పించి హెడ్‌ఫోన్‌లో వినండి. "ఢబ్" అని కొడితే ఇంకొంచెం పక్కకి తిప్పండి. నురుగు టోపీ తొడిగితే ఇంకా మంచిది.

రికార్డర్ సెట్టింగుల్లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో (ఒకే చానల్) పెట్టండి. ఇలా ఒక్కొక్కరికి గంటకు సుమారు 520 ఎంబీ అవుతుంది, ముగ్గురికి ఒకటిన్నర జీబీ. ముందే ఖాళీ చూసుకోండి. మామూలు మాటకి మీటర్ ముల్లు -18 దగ్గర ఆడుతూ, గట్టిగా మాట్లాడితే -12 డీబీ దాకా వెళ్లాలి (డీబీ శబ్దం బలానికి కొలత, ఈ మీటర్‌లో సున్నాయే పైకప్పు). లెవెల్ పెట్టేటప్పుడు "హలో హలో, వన్ టూ త్రీ" అనిపించకండి, ఆ గొంతు వేరు. ముగ్గురిలో గట్టిగా నవ్వేవాడిని నవ్వించండి. ఆ నవ్వు -6 దాటకుండా గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మీట) తగ్గించండి. తక్కువగా రికార్డయినదాన్ని పెంచుకోవచ్చు. సున్నాకి కొట్టుకుని పగిలిన నవ్వుని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతికించలేదు.

సన్నగా "మ్‌మ్‌మ్" అని హోరు వినబడితే ముందు లాప్‌టాప్ ఛార్జర్ పీకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, ఎర్త్ సరిగా లేని ఇంట్లో అదే మైకులోకి దిగుతుంది. బ్యాటరీ మీద నడిపితే చాలాసార్లు మాయమవుతుంది.

అందరూ మౌనంగా ఉన్న గదిని 20 సెకన్లు రికార్డు చేయండి, తర్వాత పనికొస్తుంది. ఆపైన ఒకరు గట్టిగా ఒకే ఒక్క చప్పట్టు కొట్టాలి. ఎవరి ఫోన్‌లో వాళ్లు రికార్డు చేస్తున్నప్పుడు ట్రాకులు (ఒక్కొక్కరి విడి రికార్డింగులు) కలపడానికి అదే ఆనవాలు. ఎపిసోడ్ చివర ఇంకో చప్పట్టు. ప్రతి ఫోన్ గడియారం కాస్త తేడాగా నడుస్తుంది, గంటలో సెకనులో పదో వంతు జారడం మామూలే. చివరి చప్పట్లు కలవకపోతే ట్రాకును పావుగంటకోసారి మౌనం దగ్గర కోసి జరుపుకోండి.

6. మాట్లాడేటప్పుడు

మొదటి 40 సెకన్లలో విషయం ఎత్తండి. "హాయ్, నమస్తే, ఎలా ఉన్నారు, నువ్వెలా ఉన్నావ్" అని నాలుగు నిమిషాలు నడిస్తే ఆ కుర్చీ ఖాళీ అయిపోతుంది. రేడియో అన్నయ్య, అక్కయ్యగా పేరొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లలతో మాట్లాడుతుంటే ప్రతి పిల్లాడూ తనతోనే మాట్లాడుతున్నారనుకున్నాడు. వరస కలిపిన ఆ పేర్లలోనే ఉంది కిటుకు. "శ్రోతలందరికీ" అనకండి, ఒక్క మనిషితో మాట్లాడండి.

అసలు పరీక్ష ఇలాంటి చోట వస్తుంది:

— అదేరా, మొన్న పెళ్లిలో అయింది కదా, అట్లాంటిదే.
— అమ్మో, చెప్పకు, నవ్వాగదు.
— ఆ సాంబారు బకెట్టు...
— (ముగ్గురూ నవ్వు, 25 సెకన్లు)

గదిలో ఇది బంగారం, చెవిలో మట్టి. సూత్రధారి ఇక్కడే దూరాలి: "ఆగరా, విన్నవాళ్లకేం తెలుసు? సాంబారు ఎవరి మీద పడింది?" అప్పుడు వాడు చెబుతాడు: "పెళ్లికొడుకు మేనమామ తెల్ల పంచె. పైగా ఆయన పక్కకి జరగలేదు, ఆకులో పడ్డంత వరకూ తిన్నాడు." ఎడిటింగ్‌లో మొదటి మూడు లైన్లు పోతాయి, సూత్రధారి ప్రశ్న ఉంటుంది, జవాబు ఉంటుంది, 25 సెకన్ల నవ్వులో 4 మిగులుతుంది. ఆ ప్రశ్న అడగకపోయి ఉంటే ఏ కత్తెరా దాన్ని కాపాడలేదు.

ఎవరైనా తడబడితే ఆపొద్దు. రెండు సెకన్లు మౌనంగా ఉండి వాక్యం మొదటి నుంచి చెప్పమనండి. కోతకి ఆ మౌనమే చోటు.

7. స్నేహితుడు డల్లాస్‌లో ఉంటే

మనకీ డల్లాస్‌కీ ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా. మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం అక్కడి గడియారం మారుతుంది. ఆ వారం ఎవరో ఒకరు గంట ఆలస్యంగా వస్తారు. మనకి శనివారం రాత్రి 8 అయితే అక్కడ పొద్దున్న, ఇద్దరికీ కుదురుతుంది.

వాట్సాప్ కాల్‌ని రికార్డు చేసి వాడొద్దు. కాల్ గొంతుని పిండేస్తుంది, నెట్ ఊగితే మాటలు మింగుతుంది. ఒక పరికరంలో కాల్, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని. రెండో పరికరంలో ఎవరి గొంతు వాళ్లు రికార్డు. ఇయర్‌ఫోన్లు లేకపోతే ఎదుటివాడి గొంతు మీ ట్రాకులో ఎక్కి, కలిపినప్పుడు ప్రతి మాటా రెండుసార్లు వినబడుతుంది. రివర్‌సైడ్ లాంటి సేవలు ఈ పనే బ్రౌజర్‌లో చేస్తాయి, ఎవరి వైపు వాళ్ల రికార్డింగ్ విడిగా దాచి ఎక్కిస్తాయి. అయిపోయాక అప్‌లోడ్ నూరు శాతం అయ్యేదాకా ఎవరూ బ్రౌజర్ మూయకూడదు.

8. ఎడిటింగ్

గంట రికార్డింగుకి కొత్తలో మూడు నాలుగు గంటలు పడుతుంది. ఆడాసిటీ ఉచితం, ఈ పనికి చాలు. ముందు ఫైళ్లను రెండు చోట్ల కాపీ చేయండి. ఆ తర్వాత ఈ వరసలోనే వెళ్లండి, వరస మారితే పని రెట్టింపవుతుంది.

మొదట కోతలు. శబ్దం బాగుచేయడం తర్వాత. పోయే భాగాన్ని శుభ్రం చేసి ఏం లాభం? తీసేయాల్సినవి: వేడెక్కేదాకా సాగిన మొదటి నిమిషాలు, మూడోసారి చెప్పిన అదే పాయింటు, "ఏదో చెబ్దామనుకున్నా, మర్చిపోయా". ఉంచాల్సినవి: జోకుకి ముందు ఆగే క్షణం, ఊపిరి, ఒకరి మాట మధ్యలో ఇంకొకరి "ఊఁ". "అంటే", "అన్నమాట" అన్నీ ఏరేస్తే మనిషి పోయి ప్రకటన మిగులుతుంది. ఊపిరి తీసుకునే ముందు కోయండి, ఊపిరి మధ్యలో కోస్తే ఎక్కిళ్లలా ఉంటుంది.

ఒకరు మాట్లాడుతుండగా మిగతా ఇద్దరి ట్రాకుల్ని మూసేయండి, వాళ్ల నవ్వులు వదిలి. దీనివల్ల వచ్చే మెరుగు ఖరీదైన మైకు వల్ల కూడా రాదు.

ఆ తర్వాత 80 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ ఫిల్టర్, అంతకంటే కింది హోరును తగ్గిస్తుంది. తర్వాత నాయిస్ రిడక్షన్: మౌనంగా రికార్డు చేసిన 20 సెకన్లను ఎంచుకుని నాయిస్ ప్రొఫైల్ తీసి, మొత్తానికి 6 నుంచి 12 డీబీ తగ్గించండి. అంతకంటే ఎక్కువైతే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు గుడగుడలాడుతుంది. కంప్రెసర్ (గట్టి మాటకీ మెల్ల మాటకీ తేడా తగ్గించేది) 2:1 లేదా 3:1. చివరగా లౌడ్‌నెస్ నార్మలైజేషన్, అంటే మొత్తం ఎపిసోడ్ బిగ్గరతనాన్ని ఒక లెక్కకి తేవడం: ఆడాసిటీలో మొదట -23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (బిగ్గరతనం కొలత) అని ఉంటుంది, దాన్ని -16 చేయండి, ఆపిల్ పాడ్‌కాస్ట్స్ అడిగే లెక్క అదే. మోనోను రెండు చెవులకీ లెక్కించే గడిలో టిక్ ఉండనివ్వండి. పీక్ -1 డీబీ దాటకుండా లిమిటర్ పెట్టండి.

ఎంపీ3, మోనో, 96 కేబీపీఎస్. 40 నిమిషాలకి దాదాపు 29 ఎంబీ. బస్సులో మొబైల్ డేటా మీద వినేవాడికి ఈ సైజు ముఖ్యం. ఎగుమతి చేసింది ఒకసారి లాప్‌టాప్‌లో కాదు, ఫోన్ స్పీకర్‌లో వంటింట్లో పెట్టి వినండి. చాలామంది వినేది అలాగే.

9. పాటలు, పేర్లు, చట్టం

"30 సెకన్ల లోపు పాట వాడితే తప్పులేదు" అనేది వట్టి పుకారు. 1957 కాపీరైట్ చట్టంలో సెకన్ల లెక్క ఎక్కడా లేదు. విమర్శ, సమీక్ష కోసం సముచిత వాడకానికి 52వ సెక్షన్‌లో చోటుంది గానీ, కబుర్ల వెనక మూడ్ కోసం పాట మోగించడం అందులోకి రాదు. యూట్యూబ్‌లో అయితే మనిషి చూడకముందే కంటెంట్ ఐడీ (పాటల్ని తనంతట తానే గుర్తుపట్టే యూట్యూబ్ వ్యవస్థ) పట్టుకుంటుంది. పాట గురించి మాట్లాడండి, మోగించకండి. మొదట్లో సంగీతం కావాలంటే వీణో, డప్పో వాయించే స్నేహితుడితో 8 సెకన్లు వాయించుకుని, వాడుకోవచ్చని రాయించుకోండి.

హీరో నటన తేలిపోయిందనడం అభిప్రాయం. ఆయన ఇంటి సంగతులు నిజమో కాదో తెలియకుండా చెప్పడం వేరే లెక్క. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ పరువునష్టం గురించినదే, పాడ్‌కాస్టుకి మినహాయింపేమీ లేదు. దానికంటే ఇబ్బంది ఇంటి దగ్గర వస్తుంది: పిన్ని, మేనేజరు, పక్కింటాయన కథలు. ఊరు, ఉద్యోగం, వరస మూడూ మార్చండి. ఒక్కటే మారిస్తే వాళ్లకి తెలిసిపోతుంది. వద్దనుకున్న ముక్క గురించి ముగ్గురిలో ఎవరు తీసేయమన్నా కారణం అడగకుండా తీసేయాలి, ఈ ఒప్పందం మొదటి రోజే చేసుకోండి.

10. బయటికి వదలడం

స్పాటిఫైలో ఉచితంగా పెట్టొచ్చు, అది ఇచ్చే ఆర్‌ఎస్‌ఎస్ లింకును (మీ ఎపిసోడ్ల జాబితాను వేరే యాప్‌లకి అందించేది) ఆపిల్ పాడ్‌కాస్ట్స్‌లో నమోదు చేయాలి. గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లో మూతపడింది, ఆ జనం యూట్యూబ్ వైపు వెళ్లారు కాబట్టి అక్కడా పెట్టండి. ఆర్‌ఎస్‌ఎస్‌లో ఇచ్చే ఈమెయిల్ ఎవరికైనా కనబడొచ్చు, దీనికోసమే వేరే ఈమెయిల్ తెరవండి. భాష దగ్గర తెలుగు ఎంచుకోండి. ముఖచిత్రం చదరంగా 3000 పిక్సెల్స్. ఫోన్‌లో గోరంత కనబడుతుంది కాబట్టి పేరు రెండు మూడు పదాలకి మించకూడదు, ఒత్తులు విరగని ఫాంటు వాడాలి. జనం తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి వెతుకుతారు, వివరణలో రెండు లిపుల్లోనూ పేరు రాయండి.

మొదటిదాన్ని వెంటనే వదలకండి. మూడు ఎపిసోడ్లు రికార్డు చేసి, మూడోది ముందు పెట్టండి. మొదటి దాంట్లో అందరూ మైకుకి భయపడుతుంటారు, మూడో దానికి మర్చిపోతారు. దాన్ని మిమ్మల్ని ఎరగని ఒక మనిషికి ఇచ్చి ఎక్కడ ఆపేశారో నిమిషం చెప్పమనండి. "బాగుంది" అనే మాట తీసుకోవద్దు, నిమిషమే కావాలి. ఆ నిమిషానికి వెళ్లి అంతకు ముందు రెండు నిమిషాలు వినండి. నూటికి తొంభైసార్లు అక్కడ మీ ముగ్గురికే అర్థమయ్యే జోకు ఒకటి దొరుకుతుంది.